ఏ నెల భయం సెప్పమంటావు?

మొదటి రోజు, శుక్రవారం: పలాస, ఉద్దానం

పలాస స్టేషన్లో దిగేసరికి పదకొండున్నర. బయట మా బావ బండి స్టార్టు చేసి సిద్ధంగా ఉన్నాడు. నా చంకలో ఉన్న ఫైలు చూసి "ఏటిది, ఇన్సూరెన్సు ఏజెంటువి అయిపోనావా?" అన్నాడు. పలకరింపు అంతే.

ఫైల్లో ఉన్నవి అరవై కాగితాలు. పర్యావరణం మీద పరిశోధన చేస్తున్న పాత స్నేహితుడు పంపాడు. కొండల పక్క ఊళ్లలో జనం కార్చిచ్చు ముప్పును ఎలా చూస్తున్నారో తెలుసుకోవాలని వాడి ఉద్దేశం. మొత్తం పన్నెండు ప్రశ్నలు. మొదటిదే అసలు ప్రశ్న: కార్చిచ్చు గురించి మీరు ఎంత ఆందోళన చెందుతున్నారు, ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండి. నేను శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో స్థిరపడ్డవాణ్ణి. యాస అర్థమవుతుంది, దారులు తెలుసు, అయిదు రోజులు సెలవు దొరికింది. ఈ పనికి నాకున్న అర్హతలు ఇంతే.

నిజం చెప్పాలంటే నా బుర్రలో కార్చిచ్చు అంటే టీవీలో చూసిందే. కాలిఫోర్నియాలో చెట్ల తలల మీదుగా దూకే మంట, కార్లలో పారిపోయే జనం. మన వైపు అంటే 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండలు. ట్రెక్కింగుకు వెళ్లి మంటల్లో చిక్కుకుని ఇరవై మందికి పైగా పోయారు. ఆ బొమ్మలే మనసులో పెట్టుకుని బండి వెనక కూర్చున్నాను.

ఉద్దానం దారి పట్టగానే రోడ్డుకి రెండు వైపులా జీడితోటలు. కాయ కాలం. ఎర్రగా, పసుపుగా జీడిపళ్లు నేలంతా రాలి పులిసిన వాసన. ఒక తోటలో నలుగురు ఆడవాళ్లు వంగి పిక్కలు ఏరుతున్నారు. చెట్ల కింద ఆకు లేకుండా శుభ్రంగా ఊడ్చి ఉంది. గట్టు పక్కన నల్లటి బూడిద మచ్చలు, వరసగా ఆరేడు.

వాళ్లలో పెద్దావిడ దగ్గర కూర్చుని కాగితం తీశాను. "కార్చిచ్చు గురించి అప్పా..."

"అదేటి?"

"కొండ కాలడం. తోట అంటుకోవడం."

"అలాగ సెప్పు మరి."

ఒకటి అంటే భయం లేదు, ఐదు అంటే చాలా భయం అని వివరించాను. ఆవిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి నన్ను కాసేపు చూసింది.

"ఏ నెల భయం సెప్పమంటావు?"

ఆవిడ లెక్క ఇది. పూత మీద ఉన్నప్పుడు మంచు. పిందె కట్టాక ఎండ. కాయ కాలంలో రెండు భయాలు: ఒకటి ఎలుగుబంటి, రెండు అగ్గి. ఎలుగుబంటికి జీడిపండూ కావాలి, పనసపండూ కావాలి. తెల్లారకముందే తోటలోకి ఒంటరిగా ఎవరూ వెళ్లరు. పిక్కలు అమ్మేనాటికి దళారి భయం, ఎనభై కిలోల బస్తాకి ఏం ధర చెబుతాడో అని. ఆ తర్వాత దసరా, దీపావళి మధ్యలో తుఫాను భయం. "నీ కాగితంలో నెలలు నేవు కదా. మరి నానేటి సెప్పను?"

నేను అప్పటికప్పుడు ప్రశ్న పక్కన 'నెల' అని ఒక గడి గీశాను. సాయంత్రానికి అలా గీసిన గడులు నాలుగయ్యాయి.

బూడిద మచ్చల గురించి అడిగాను. రాలిన పిక్క ఆకులో కలిసిపోతే కనబడదు, అందుకని కాయ కాలానికి ముందు ఆకంతా ఊడ్చి కుప్పలు పెడతారు. జీడాకు ఎండితే కాగితంలా అంటుకుంటుంది. కాబట్టి కుప్పకి అగ్గి పెట్టేది తెల్లవారుజామునే, గాలి లేని వేళ. ఎండెక్కాక సముద్రపు గాలి లేస్తే ఎవరూ అగ్గిపుల్ల గీయరు. గీసినవాణ్ణి ఊరంతా తిడుతుంది. ఇది ఏ బోర్డు మీదా రాసి లేదు.

ఆవిడకి అగ్గి పెద్దదిగా కనిపించిన ఏడు ఒకటుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఇక్కడికి దగ్గర్లోనే, వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస వేళ్లతో సహా లేచి పడ్డాయి. కోయడానికి మనుషులు లేరు, రంపాలు లేవు. పడ్డ చెట్టు పడ్డట్టే ఎండింది. "ఆ మరుసటేడు ఎండల్లో సూడాల. కాలు పెడితే కట్టె, సెయ్యి పెడితే కట్టె. రేత్రులు నిద్దర నేదు." గాలివాన పోయిన ఆరు నెలలకి దాని రెండో దెబ్బ అగ్గి రూపంలో వస్తుందేమోనని ఎదురు చూశారన్నమాట. తుఫాను నష్టం లెక్కల్లో ఆ ఆరు నెలలు నాకెప్పుడూ కనబడలేదు.

రెండో రోజు, శనివారం: మందస

మందస వాసుదేవ పెరుమాళ్ గుడిలో పది నిమిషాలు, కోవా దుకాణంలో ఇరవై నిమిషాలు. బావ లెక్క ప్రకారం ఇదే సరైన నిష్పత్తి.

ఊరు దాటాక మహేంద్రగిరి ఎదురుగా వస్తుంది. శిఖరం ఒడిశాలో ఉంది, 1,501 మీటర్లు. కానీ ఆ కొండల పాదాలు మన వైపు దాకా చాచి ఉంటాయి. మార్చి చివరికి సగం చెట్లు ఆకు రాల్చేశాయి. దూరం నుంచి కొండ మేక చర్మంలా, అక్కడక్కడ నల్లగా, అక్కడక్కడ గోధుమ రంగుగా ఉంది. నల్లనివి కాలినవి. దగ్గరికి వెళ్లి చూస్తే పెద్ద చెట్లన్నీ నిలబడే ఉన్నాయి. మొదళ్లు మోకాలెత్తు వరకే మసిబారాయి. మన కొండల్లో ఎక్కువగా కాలేది నేల మీద ఆకే. మంట మోకాలు దాటితే గొప్ప. టీవీలో చూసిన దానితో పోల్చుకుని నేను కొంచెం నిరాశ పడ్డాను కూడా, సిగ్గు లేకుండా. అయితే అంత చిన్న మంటకి కూడా ఆ ఏడు మొలిచిన మొక్క ఒక్కటీ మిగలదు. పాత చెట్లు చచ్చేదాకా అడవి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, వాటి తర్వాతి తరం మాత్రం ఉండదు.

కొండ కింద ఒక ఊరు. పేరు రాయను, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. చింతచెట్టు కింద ఏడెనిమిది మంది చేరారు. ఒకటి నుంచి ఐదు లెక్క ఇక పనికిరాదని తేలిపోయింది కాబట్టి, ఎవరో ఎండబెట్టిన చింతపిక్కలు పది అడిగి తీసుకున్నాను. నేల మీద నాలుగు సున్నాలు గీశాను: తుఫాను, ఎలుగుబంటి, ఊళ్లో అగ్గి, కొండ మీద అగ్గి. మీ భయం ఎటుంటే అటు పిక్కలు పెట్టండి అన్నాను. అందరికీ హుషారొచ్చింది. అష్టాచెమ్మా ఆడుతున్నట్టు గొడవ పడి పంచారు. తుఫానుకి నాలుగు, ఊళ్లో అగ్గికి మూడు, ఎలుగుబంటికి రెండు. మిగిలిన ఒక్కటీ కొండ మీద అగ్గి సున్నాలో పెట్టారు. వెనక నిలబడ్డ ఒక ముసలమ్మ కర్రతో దాన్ని కూడా ఎలుగుబంటి వైపు తోసేసింది.

"అది మనం పెట్టీదే కదా. మనం పెట్టీదానికి మనకి భయమేటి?"

ఎవరూ కాదనలేదు. ఇప్పచెట్టు కింద పువ్వు రాలేముందు ఆకుకి అగ్గి పెడతారు. తెల్లటి పువ్వు నల్లటి నేల మీద బాగా కనబడుతుంది, ఏరడం తేలిక. బీడీ ఆకు కోసమూ పెడతారు, కాలిన తుప్ప నుంచి లేత ఆకు వస్తుందని. పశువుల మేతకి పెడతారు, కొత్త గడ్డి లేస్తుందని. ఇవన్నీ చిన్న చిన్న మంటలే. వాటిలో ఒకటి చెప్పిన మాట వినకుండా కొండెక్కితే అది 'కొండ కాలడం'. అంతే తప్ప కార్చిచ్చు అని వేరే జాతి అగ్గి వాళ్ల లెక్కలో లేదు. మన దేశంలో అడవి మంటల్లో దాదాపు అన్నీ మనిషి చేతి నుంచి వచ్చేవే, పిడుగు పడి అంటుకునేవి బహు తక్కువ. ముసలమ్మ చెప్పిందీ అదే కదా.

కానీ ఊళ్లో అగ్గికి మూడు పిక్కలు ఎందుకు? ఒక పెద్దాయన చెప్పాడు. ఆయన చిన్నతనంలో ఊరంతా తాటాకు ఇళ్లే. చూరుకి చూరు తగిలి వరస ఇళ్లు. ఒక వేసవి మధ్యాహ్నం, పడమటి గాలి వీస్తుండగా ఒక పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచింది. మగవాళ్లు పొలాల్లో ఉన్నారు. పరిగెత్తుకొచ్చేసరికి గాదెల్లో ధాన్యం కూడా కాలుతోంది. "ధాన్యం కాలితే ఎలాగుంటాదో తెలుసా? పైన ఆరిపోతాది. లోపల మూడు రోజులు కాల్తానే ఉంటాది. పిల్లలు ఆ పక్కకి ఎల్లకుండా కాపలా కాసినాం." వాళ్ల అమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్లూ వేసవిలో పొద్దెక్కకముందే వంట ముగించి, పొయ్యిలో నీళ్లు పోసేదట. ఆ ఊళ్లో ఇప్పటికీ చాలామంది అదే చేస్తారు, గ్యాసు పొయ్యిలు వచ్చాక కూడా కట్టెలు వాడే రోజుల్లో.

ఇప్పుడు చాలా ఇళ్లు స్లాబులే. మరి భయం తగ్గాలి కదా అన్నాను. "ఇల్లు మారినాది బాబూ. ఒళ్లు ఏటి మారతాది?" అన్నాడు.

మూడో రోజు, ఆదివారం: మెళియాపుట్టి కొండలు

టెక్కలి మీదుగా మెళియాపుట్టి. అక్కడ నుంచి ఎడమకి తిరిగితే ఒక అరగంట రాళ్ల బాట. చివర ఒక సవర గిరిజనుల గూడ, ముప్పై గడపలు ఉంటాయేమో. బావకి ఇక్కడ ఒక పెద్దాయన పాత పరిచయం. జీడిపిక్కలు కొనే రోజుల నాటిది. ఆయన్ని మావయ్యా అని పిలుస్తాడు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, పచ్చి పనసకాయ కూర. అంబలి రెండోసారి అడిగి పోయించుకున్నాను.

మధ్యాహ్నం మావయ్య తన కొండ చూపించాడు. నిటారు వాలు. కింద కందిమోళ్లు, పైన జీడి, ఇంకా పైన అడవి. తండ్రి కాలంలో ఇదంతా పోడు. ఎండలు మొదలయ్యేటప్పుడు తుప్పలు, కొమ్మలు కొట్టి ఎండబెట్టి, తొలకరి ముందు కాల్చి, ఆ బూడిదలో సామ, కొర్ర, చోడి, కంది కలిపి చల్లేవారు. రెండు మూడేళ్లకి సత్తువ తగ్గితే ఆ చోటు ఒగ్గేసి ఇంకో చోటికి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఆయనకి ఈ వాలు మీద పట్టా వచ్చింది. ఆ తర్వాత జీడిమొక్కలు పెట్టాడు. ఇప్పుడవి కాపుకొచ్చాయి.

నేను ఫైలు తెరవలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"మా అయ్య రోజుల్లో కొండ కాలినాదంటే పోడుకి సోటు దొరికినాదని సంబరం. పక్క గూడోలు కూడా ఒచ్చి సాయం పట్టీవోరు. ఇప్పుడు కొండంతా జీడి ఏసినాం. ఇప్పుడు కాల్తే మనదే కాల్తాది. అగ్గి అదే బాబూ. ఎప్పుడూ అదే."

రెండు రోజులుగా చింతపిక్కలతో నేను వెతుకుతున్నది ఇదే అనిపించింది. అడవిని కాపాడండి అని గోడల మీద రాసిన ఊళ్లు చాలా దాటాను. ఆ రాతలు ఎవరినైనా మార్చాయో లేదో తెలియదు గానీ, ఈ వాలు మీద రెండెకరాల జీడి మావయ్యని మార్చింది. పోగొట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు మంట పనిముట్టు. కొండ మీద తన చెట్టు నిలబడ్డాక అదే మంట దొంగ. ఆయన ఇప్పుడు జీడితోట చుట్టూ రెండు బారల వెడల్పున ఆకు గోకి నేల బయటపెడతాడు, ఏటా మాఘంలోనే. పైన అడవి సంగతి అడిగితే భుజాలెగరేశాడు. అది ఆయనది కాదు మరి.

సాయంత్రం ఆరుంటుంది. అవతలి కొండ నడుమున పొగ. పడమటి ఎండలో మొదట మంచులా కనబడింది. చీకటి పడేసరికి ఎర్రటి గీత. "రైలు ఎల్తున్నట్టు నేదూ?" అంది మావయ్య కోడలు. నిజమే, దూరంగా కిటికీ దీపాలతో ఎక్స్‌ప్రెస్ బండి కొండ మీద నిదానంగా పోతున్నట్టుంది. ఎవరూ కంగారు పడలేదు. పిల్లలు చదువుకుంటున్నారు. నాకు మాత్రం టెన్షన్. బావ నిద్రపోయాడు.

ఎనిమిది దాటాక గీత వంగి మా వైపు కొండ మెడ మీదకొచ్చింది. అప్పుడు లేచారు. పదిమంది దాకా మగవాళ్లు, కత్తులు, టార్చిలైట్లు, పచ్చి కొమ్మలు. నేనూ వెళ్లాను. వెళ్లకపోతే బాగుండేదని తర్వాత నాకూ అనిపించింది, వాళ్లకీ అనిపించి ఉంటుంది. బాగా కనబడుతుందని నేను మంటకి పైన ఉన్న బండ ఎక్కి ఫోన్ తీశాను. కింద నుంచి మావయ్య అరుపు. అంతవరకు ఆ గొంతు అలా లేస్తుందని అనుకోలేదు.

"పైన నిలబడకు! కిందికి దిగు, కాలినకాడికి రా!"

జారుతూ దిగాను. ప్యాంటు చిరిగింది, మోచెయ్యి గీరుకుంది. ఆ తర్వాత ఒక కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. మంట పైకి వాలి, పైనున్న ఆకుని తాను చేరకముందే ఎండబెట్టుకుంటుంది. అందుకని ఎక్కేటప్పుడు దాని జోరు మనిషి కాలికి అందదు. దిగేటప్పుడు ముసలి ఆవులా దిగుతుంది. అగ్గి వచ్చినప్పుడు మనిషి వెళ్లాల్సింది పైకి కాదు, పక్కకి. వీలైతే అప్పటికే కాలిపోయిన నేల మీదకి. అది మళ్లీ కాలదు.

సాయంత్రం నుంచి ఎందుకు ఆగారో కూడా అప్పుడే అర్థమైంది. పగలంతా గాలి లోయలోంచి కొండ పైకి ఎక్కుతుంది. పొద్దు పోయి నేల చల్లబడ్డాక కొండ మీద నుంచి కిందికి దిగుతుంది. వాళ్లు ఆ గాలి తిరగడం కోసం కూర్చున్నారు. నేను నిర్లక్ష్యం అనుకున్నాను.

మెడ మీద కాలిబాట వెడల్పు చేసి, అక్కడ నుంచి మంట వైపు వాళ్లే ఇంకో అగ్గి పెట్టారు. ఎదురగ్గి. రెండు మంటలు మధ్యలో కలుసుకుని, తినడానికి ఏమీ లేక, పది నిమిషాల్లో కూలబడ్డాయి. అక్కడక్కడ దాటిన వాటిని కొమ్మలతో కొట్టారు. పైకెత్తి బాదరు, బాదితే రవ్వలు ఎగురుతాయి. అదిమి ఈడుస్తారు. పదకొండుకల్లా అయిపోయింది. ఇద్దరు కుర్రాళ్లని ఒక కాలుతున్న దుంగ దగ్గర ఒగ్గి మిగతావాళ్లు దిగారు. ఆకు మంట ఆరితే ఆరినట్టే. దుంగ మాత్రం నిద్ర నటించి, పగటి గాలికి లేస్తుందట.

దారిలో అడిగాను, అటవీ శాఖకి ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని. టవర్ సిగ్నల్ బండ మీద దొరుకుతోంది, నేను చూశాను.

"సేస్తే మొదట ఏటి అడుగుతారు?" అన్నాడు కుర్రాడు.

"ఎక్కడ అని."

"కాదు. ఎవులు పెట్టినారు అని."

ఒక ఏడు అలా చెప్పినవాడి పేరే ముందు రాసుకున్నారట. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం. వాయిదాలకి తిరిగి తిరిగి రెండు మేకలు అమ్ముకున్నాడు. అప్పటి నుంచి గూడలో రూలు ఒకటే: అగ్గి ఆర్పడానికి అందరూ, చెప్పడానికి ఎవరూ కాదు. ఆ రాత్రి మంట ఎవరిదని నేను అడగలేదు. అడిగి ఉంటే మరుసటి పూట అంబలి పోసేవారు కారనుకుంటాను.

నాలుగో రోజు, సోమవారం: గూడ నుంచి సీతంపేట సంతకి

తెల్లారి లేచేసరికి గూడలో గొడవ. కుళాయి రావడం లేదు.

కొండ పైన ఊట ఉంది. అక్కడ నుంచి నల్ల పైపు కిందికి వేసుకున్నారు, నీళ్లు వాలుకి వాటంతటవే ట్యాంకులో పడతాయి. కరెంటు లేదు, మోటారు లేదు. మెడ మీద మనం ఆపామనుకున్న మంట దానికి ముందే, సాయంత్రం ఏదో వేళ, పైపు ఉన్న గాడి దాటింది. వెళ్లి చూశాం. ముప్పై అడుగుల మేర పైపు కరిగి, పాము కుబుసంలా రాయికి అంటుకుని ఉంది. కాలిన నేల మీద పాలపిట్టలు, ఏట్రింతలు దిగి మాడిన మిడతలు ఏరుకుంటున్నాయి. వాటికి పండగ.

కోడలు మూడు బిందెలు తీసుకుని గెడ్డకి బయల్దేరింది. వేసవిలో గెడ్డలో నీళ్లు చెలమ తవ్వితేనే. నన్ను చూసి ఆగింది.

"నిన్న మా మావని ఏదో అయిదు లెక్క అడగాలనుకున్నావంట. నన్ను అడగనేదు."

"ఇప్పుడు చెప్పమ్మా."

"అయిదూ పైపుకే ఏసుకో."

అరవై కాగితాల్లో ఎక్కడా పైపు అన్న మాట లేదు. ఇళ్లు, పంటలు, పశువులు, ప్రాణం అని నాలుగు గడులున్నాయి. అవన్నీ క్షేమం. ఆ కాగితం ప్రకారం నిన్న రాత్రి నష్టం సున్నా. ఇంకో సంగతి కూడా తోచింది. మూడు రోజులుగా నేను మాట్లాడింది ఎక్కువగా ఇంటి పెద్దలతోనే. మావయ్యకి అగ్గి అంటే జీడి. కోడలికి అగ్గి అంటే నీళ్లు. ఒకే ఇంట్లో రెండు అగ్గులు.

పాతపట్నంలో నీలమణి దుర్గ గుడి ముందు టీ తాగాం. పక్కనే పర్లాకిమిడి, గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారు చేసిన ఊరు. జనం మాట్లాడే తెలుగునే రాయండని జీవితమంతా పోరాడిన మనిషి, మా కాగితం మీద 'కార్చిచ్చు ముప్పు అవగాహన' చూస్తే ఏమనేవారో. కారు అంటే అడవి, చిచ్చు అంటే నిప్పు. అందమైన మాటే, పేపర్లకి సరిపోతుంది. నాలుగు రోజుల్లో ఒక్క నోటి నుంచి కూడా వినలేదు.

హిరమండలం దగ్గర వంశధార దాటి సీతంపేట చేరేసరికి సంత సగం అయిపోయింది. పాతవాళ్లు ఇప్పటికీ దీన్ని శ్రీకాకుళం జిల్లా అనే అంటారు. 2022 ఏప్రిల్ నుంచి ఇది పార్వతీపురం మన్యం జిల్లా. కొండ చీపుర్లు, పసుపు, చింతపండు, అడ్డాకులు. ఇక్కడ అగ్గి మాట ఎత్తితే ఏనుగుల మాట చెబుతారు. 2007 నుంచి ఒడిశా వైపు నుంచి దిగుతున్న మందలు. చింతపిక్కలు బయటికి తీయనే లేదు, ఎటు పోతాయో తెలుస్తూనే ఉంది.

బెల్లం కొంటున్న ఒకతను బావకి తెలుసు. అడవి మంటల మీద కన్నేసి ఉంచడానికి అటవీ శాఖ వేసవి నాలుగు నెలలకి తీసుకునే ఫైర్ వాచర్. తన పేరు రాయవద్దన్నాడు. ఫోన్లో వచ్చే మెసేజీలు చూపించాడు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో ఇలా హెచ్చరికలు పంపుతోంది. ఒక ఉపగ్రహ పరికరం కిలోమీటరు చుక్కగా చూస్తుంది, ఇంకోటి 375 మీటర్ల చుక్కగా. 2023 నవంబర్ నుంచి 2024 జూన్ దాకా దేశం మొత్తం మీద అలాంటి చుక్కలు రెండు లక్షలు దాటాయి. మన రాష్ట్రం పై వరసలోనే ఉంది.

"చుక్క పడితే ఎల్లాల. ఎల్లి సూస్తే సగానికి సగం పోడు బూడిద. వాడు కాల్చుకుని ఇంటికెళ్లి అన్నం తింటన్నాడు."

నిన్న రాత్రి మెళియాపుట్టి కొండల్లో ఏమైనా పడిందా అని, ఏమీ తెలియనట్టు అడిగాను. అక్కడ పనిచేసే తన దోస్తుకి ఫోన్ చేశాడు. లేదు. ఆశ్చర్యం లేదు. ఆ చిన్న చుక్క చూసే ఉపగ్రహం మన మీదుగా పోయేది ఇంచుమించు మధ్యాహ్నం ఒకటిన్నరకి, మళ్లీ రాత్రి ఒకటిన్నరకి. మన రైలు సాయంత్రం ఆరింటికి బయల్దేరి పదకొండింటికి ఆగిపోయింది. పైపు కరిగింది, పదిమంది చేతులు కాలాయి, నా ప్యాంటు చిరిగింది. డెహ్రాడూన్ లెక్కలో మాత్రం ఆ రాత్రి ఆ కొండ ప్రశాంతంగా నిద్రపోయింది.

అతని పనీ సుఖమైనది కాదు. ఆకులు ఊదే యంత్రం వీపున వేసుకుని వాలు ఎక్కాలి. ఊళ్లవాళ్లు అతన్ని చూస్తే మాట ఆపేస్తారు. "నా సొంతూర్లో కూడా," అన్నాడు బెల్లం సంచి ముడి వేస్తూ.

అయిదో రోజు, మంగళవారం: విజయనగరం

పాలకొండ, రాజాం, చీపురుపల్లి మీదుగా బస్సు. విజయనగరంలో మేనత్త ఇంట్లో భోజనం, మోచేతికి పసుపు, "ఈ వయసులో కొండలెక్కడం ఏటి" అని చివాట్లు. స్నేహితుడికి కాగితాలు ఫొటోలు తీసి పంపాను. అంచుల్లో నేను గీసిన గడులు చూసి వాడు ఫోన్ చేశాడు. నెల అని, ఎవరి అగ్గి అని, పైపు అని ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కడ ఎక్కించాలి అన్నాడు. కోపం లేదు గానీ కొంచెం విసుగుంది. ఒకటి నుంచి ఐదు సగటు ఎంతొచ్చిందని అడిగాడు. రాలేదన్నాను.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం తెలియని నంబరు. మావయ్య. బండ ఎక్కి చేస్తున్నాడు కాబోలు, గాలి హోరు. అక్కడ ఒక వాన పడిందట, జీడిపిక్క కొంచెం నల్లబడిందట, ధర తగ్గించారట. బావ క్షేమం అడిగాడు. కోడలు ఇంకా గెడ్డకే వెళ్తోంది.

"మీ దోస్తు రాతలో పైపు రాసినాడా?"

రాస్తాడు మావయ్యా అన్నాను.

"రెండంగుళాలది. ముప్పై అడుగులు. సిన్నది రాస్తే పనికిరాదు, సెప్పు."